శనివారపు ఒంటిపూట సెలవు: పారిశ్రామిక బ్రిటన్‌లో ఆటలు మారిన తీరు

ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలు కావడం నూరేళ్లకు పైగా ఆనవాయితీగా సాగింది. పని వదిలిన మనిషి ఇల్లు చేరి భోంచేసి మైదానానికి రావడానికి, చలికాలపు వెలుతురు పోకముందే ఆట ముగియడానికి అనువైన వేళ అది. ఆ వేళకు మూలం బట్టల మిల్లుల పనిగంటల మీద పార్లమెంటు చేసిన చట్టాలలో ఉంది. క్రీడల చరిత్రను విజేతల చరిత్రగా చదవడం మనకు అలవాటు. అయితే ఆధునిక క్రీడ ఎలా రూపుదిద్దుకుందో తెలియాలంటే, శ్రామికుడి తీరిక ఎవరి అదుపులో ఉండేదన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాలి.

ఫ్యాక్టరీలు రాకముందు ఆటలు వ్యవసాయ పనులనూ చర్చి పండుగలనూ అనుసరించి నడిచేవి. ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు పాటించే లెంట్ ఉపవాసాలకు ముందురోజు డెర్బీ వంటి పట్టణాల్లో వందలాది మంది రెండు పక్షాలుగా చీలి, హద్దులూ సమయపాలనా లేకుండా వీధుల్లోనే బంతి కోసం కలబడేవారు. చేతివృత్తులవారిలో చాలామంది ఆదివారంతో పాటు సోమవారమూ పని మానేసి, దానిని ‘సెయింట్ మండే’ అని పిలుచుకునేవారు. ఆవిరి యంత్రం మీద పెట్టుబడి పెట్టిన యజమానికి ఈ పద్ధతి గిట్టుబాటు కాలేదు. పల్లెల ఉమ్మడి భూములకు కంచెలు పడటంతో ఆడుకునే జాగా కూడా తగ్గింది. 1835లో వచ్చిన ఒక చట్టం రహదారుల మీద ఫుట్‌బాల్ ఆడటాన్ని నేరంగా చేసింది. అదే ఏడాది వచ్చిన మరొకటి కుక్కలను ఎద్దుల మీదికి, ఎలుగుబంట్ల మీదికి ఉసిగొల్పే పందేలను, కోడిపందేలను నిషేధించింది. జంతుహింసను ఆపడం మంచిదే. కానీ భూస్వాముల నక్కల వేట జోలికి ఆ చట్టం వెళ్లలేదన్నది మరవకూడదు. డెర్బీ ఆటను 1846లో సైనికులను దించి మరీ అణచివేశారు.

అలా పోయిన తీరిక కొంతకాలానికి కొలతలతో తిరిగి వచ్చింది. కార్మికుల సుదీర్ఘ ఆందోళన ఫలితంగా 1847లో స్త్రీలకు, యువ కార్మికులకు పది గంటల పనిదినం దక్కింది. 1850 చట్టం బట్టల మిల్లుల్లో వారి పనిని శనివారం మధ్యాహ్నం రెండు గంటలకే ముగించాలంది; వాళ్లు లేకుండా మిల్లు నడవదు గనుక మగవారికీ ఆ ఒంటిపూట దొరికింది. 1871లో కొన్ని రోజులను సార్వజనిక సెలవులుగా చేస్తూ బ్యాంకు సెలవుల చట్టం వచ్చింది. ఈలోగా రైలు దూరాలను తగ్గించింది: 1841లో థామస్ కుక్ సుమారు 500 మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున లెస్టర్ నుంచి లఫ్‌బరోకు తీసుకెళ్లాడు, 1846లో రైలు చేరిన బ్లాక్‌పూల్ క్రమంగా లాంకషైర్ మిల్లు కార్మికుల సముద్రతీర విడిది అయింది.

వేర్వేరు ఊళ్ల జట్లు రైలెక్కి వెళ్లి ఆడాలంటే అందరికీ ఒకే నియమాలు కావాలి. సంపన్నుల పాఠశాలల్లో బడికో పద్ధతిగా ఉన్న ఆటను ఒక దారిలో పెట్టేందుకు 1863లో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. నియమాలు రాసింది సంపన్న వర్గం. ఆటను ప్రజలదిగా చేసింది మాత్రం శనివారం మధ్యాహ్నం ఖాళీ దొరికిన శ్రామికులు. నేటి మాంచెస్టర్ యునైటెడ్‌ను రైల్వే పనివారు, ఆర్సెనల్‌ను వూలిచ్ ఆయుధ కర్మాగార కార్మికులు, వెస్ట్‌హామ్‌ను ఓడలు కట్టే ఇనుప కర్మాగార సిబ్బంది మొదలుపెట్టారు. ఆ అసోసియేషన్ నడిపే ఎఫ్.ఏ. కప్ పోటీలో, 1872లో జరిగిన తొలి ఫైనల్‌కు దాదాపు 2,000 మంది వస్తే, 1901 ఫైనల్‌కు లక్షా పదివేల మందికి పైగా వచ్చారు.

అసలు ఘర్షణ డబ్బు దగ్గర వచ్చింది. 1883 ఫైనల్‌లో నేతపనివారూ ఇనుప ఫౌండ్రీ కార్మికులూ ఉన్న బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టు, సంపన్నుల బడిలో చదివిన ఓల్డ్ ఈటోనియన్స్‌ను 2-1 తేడాతో ఓడించింది. రెండేళ్లకు, 1885లో, ఆటగాళ్లకు జీతం చెల్లించడాన్ని అసోసియేషన్ అంగీకరించక తప్పలేదు. 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లోని 12 క్లబ్బులూ ఉత్తర, మధ్య ఇంగ్లండ్ పారిశ్రామిక ప్రాంతాలవే. రగ్బీలో ఈ రాజీ కుదరలేదు. మ్యాచ్ కోసం పని మానేసిన కార్మికుడికి పోయిన కూలీ ఇవ్వాలని ఉత్తరాది క్లబ్బులు కోరితే, 1893లో ఆ ఆటను నడిపే రగ్బీ యూనియన్ తిరస్కరించింది. 1895 ఆగస్టులో ఆ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. రగ్బీ లీగ్ అనే నేటి వేరు ఆట అక్కడే పుట్టింది. హెన్లీ పడవ పందేల నిర్వాహకులు మరింత ముందుకు వెళ్లి, శారీరక శ్రమతో బతికేవాడు అమెచ్యూర్ (డబ్బు కోసం కాక ఆడేవాడు) కానేకాడని 1879లో నియమం రాసుకున్నారు. అది 1930ల చివరిదాకా చెలామణి అయింది. డబ్బు తీసుకోకుండా ఆడటం గొప్ప ఆదర్శమే కావచ్చు, కానీ పూట కూలీ వదులుకోగలిగిన వాడికే అది సాధ్యమయ్యేది.

స్త్రీల విషయంలో అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. శనివారపు ఒంటిపూటను చట్టం మొదట రాసింది వారి పేరు మీదే. ఆ మధ్యాహ్నం మాత్రం చాలామందికి ఇంటి చాకిరీలోనే గడిచిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధం వారిని ఆయుధ కర్మాగారాలకు రప్పించినప్పుడు, ప్రెస్టన్‌లోని డిక్, కెర్ ఫ్యాక్టరీ మహిళలు 1917లో ఫుట్‌బాల్ జట్టు కట్టి, దాతృత్వ నిధుల కోసం ఆడారు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్కులో వారి ఆట చూడటానికి దాదాపు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకముందే, 1921 డిసెంబర్ 5న, ఈ ఆట స్త్రీలకు తగదంటూ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో వారి మ్యాచ్‌లను నిషేధించింది. ఆ జట్టు ఇతర మైదానాల్లో 1965 దాకా ఆడింది. నిషేధం తొలగింది మాత్రం 1970ల ఆరంభంలోనే.