"గాటే లేదు గదా సార్, పామెట్టా అవుతుంది?"

అక్టోబరులో వానలు పట్టుకున్నాయంటే నెల్లూరులో మా క్యాజువాలిటీకి తెల్లవారుజామున వచ్చే కేసుల తీరే మారిపోతుంది. మొన్న ఆత్మకూరు వైపు నుంచి ఒకావిడను తెచ్చారు. రాత్రి నేల మీద చాపేసుకుని పడుకుంది. నాలుగింటికి కడుపునొప్పి, రెండు వాంతులు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ చేశాడు. ఏడింటికి కళ్ళు మూతలు పడుతుంటే రాత్రంతా నిద్ర లేదు కదా, మత్తుగా ఉందేమోలే అనుకున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. నేను పాము అనగానే వాళ్ళాయన అన్న మాటే పైన పెట్టాను. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. (ఆవిడ బాగానే ఉంది. ఇంటికి కూడా వెళ్ళిపోయింది.)

అపోహ: గాటు, వాపు, నొప్పి లేకపోతే పాము కరవనట్టే.

వాస్తవం: రక్తపింజర అయితే ఆ మాటకు కొంత అర్థముంది. కాలు ఉబ్బుతుంది, నొప్పికి మనిషి నిలవలేడు, చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంది. కట్లపాము అలా కాదు. అది రాత్రి తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్ళు నిద్రలో చెయ్యో కాలో కదిపితే కరుస్తుంది. కోరలు చిన్నవి, సన్నవి. చీమ కుట్టినట్టు కూడా తెలియక నిద్రలేవని వాళ్ళున్నారు. వాపు రాదు. విషం మాత్రం నరానికీ కండరానికీ మధ్య కబురు తెంపేస్తుంది. ముందు కనురెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది, మెడ నిలవదు, ఆఖరికి ఊపిరి అందదు.

వీటన్నిటికంటే ముందొచ్చే కడుపునొప్పే అందర్నీ దారి తప్పిస్తుంది. ఆర్‌ఎంపీని ఒక్కడినే ఎందుకనాలి? హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు నేనూ ఇలాంటి కుర్రాడికి గ్యాస్ ఇంజెక్షనే రాసి ఓ మూల బెడ్ మీద పడుకోబెట్టాను. గంట తర్వాత సిస్టరమ్మ వచ్చి, "సార్, ఆ అబ్బాయి ఉమ్మి మింగలేకపోతున్నాడు, ఓసారి రండి" అంది. ఆ రోజు నుంచీ తెల్లవారుజామున కడుపునొప్పి అని ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, "రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

ఆ తర్వాత తల కదపకుండా పైన ఫ్యాన్ చూడమంటాను. రెప్ప లేవక నుదురు ముడేసి, గడ్డం పైకెత్తి చూస్తే నాకు అనుమానం గట్టిపడినట్టే. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటాను. వచ్చినప్పుడు ఇరవై దాకా చెప్పిన మనిషి అరగంట తర్వాత పది దగ్గరే ఆగిపోతే ఊపిరి కోసం గొంతులో వేసే ట్యూబు సిద్ధం చేసుకోవాల్సిందే. "రక్తం గడ్డకట్టే పరీక్ష నార్మల్ అన్నారు సార్" అని ధీమాగా ఉండొద్దు. ఆ 20 నిమిషాల పరీక్ష రక్తపింజర విషాన్ని పట్టిస్తుంది, కట్లపాముది పట్టించదు.

తొందర ఎందుకంటే, పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ రక్తంలో తిరిగే విషాన్నే ఆపుతుంది. ఈలోపు దెబ్బతిన్న నరాల చివర్లను బాగుచేయలేదు. అవి మళ్ళీ మొలిచేదాకా మిషనే ఊపిరి పోయాలి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. తాడుతో బిగించి కట్టొద్దు, రక్తం ఆడక కాలు పోతుంది. ఇప్పటికే కట్టేసి ఉంటే దారిలో విప్పొద్దు, మా దగ్గరే విప్పుతాం. ఎముక విరిగినప్పటిలా చెక్క పెట్టి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. వేపాకు చేదు తెలిసిందంటే విషం ఎక్కనట్టు కాదు, పైగా మింగలేని మనిషి నోట్లో ఆకు పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. మంత్రంతో తగ్గినవాళ్ళను కరిచింది ఏ జెర్రిపోతో నీరుకట్టో అయ్యుంటుంది, లేదా విషపామే విషం వదలకుండా కరిచి ఉంటుంది. టీటీ పాము విరుగుడు కాదు, ధనుర్వాతానికి. ఏఎస్‌వీ అయితే సెలైన్‌లో కలిపి మొదటి విడతే పది వయల్స్ దాకా ఎక్కిస్తాం, పిల్లలకూ అంతే. పిల్లాడు కదా అని పాము విషం తగ్గించి వదలదు. పామును చంపి సంచిలో తేవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, నాలుగింటికీ మందు ఒకటే.

ఇంకో అపోహ గురించి మాత్రం ఆగి చెప్పాలి: "వెంటిలేటర్ ఎక్కించారంటే అయిపోయినట్టే."

ఉదయగిరి వైపు కుర్రాడొకడు మూడు రోజులు చిటికెన వేలు కూడా కదపలేదు. టార్చి వేస్తే కంటిపాప కదల్లేదు. చూసినవాళ్ళెవరైనా పోయాడనే అంటారు. వాళ్ళ మేనమామ నన్ను పక్కకు పిలిచి, "ఉత్త గాలి కొడుతున్నారు గదా సార్, ఇంటికి తీసుకుపోతాం" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను, అప్పు చేసి తెచ్చిన డబ్బులు అయిపోవచ్చాయి. వాళ్ళమ్మకు చెప్పాను: "అమ్మా, ఇది మెదడు పోయిన కేసు కాదు. కండరాలు మాత్రమే పడిపోయాయి. మీరు మాట్లాడేది వాడికి వినపడుతూ ఉండొచ్చు. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకో." ఐదో రోజు కాలి బొటనవేలు కదిలింది. ట్యూబు తీశాక, గొంతు ఇంకా బొంగురుగా ఉండగానే వాడన్నది: "మామ ఆంబులెన్సాయనతో బాడుగ బేరమాడింది మొత్తం విన్నా సార్."

మామ పక్కనే ఉన్నాడు. కాసేపు ఎటో చూసి, నన్ను అడిగాడు: "సార్, మంచమేసి దోమతెర కడితే పాము రాదంటారే, నిజమేనా?"

నిజమే. అంచులు పరుపు కిందికి దోపుకుంటేనే.