ఎముకలో ఖాళీ నింపే నల్లదారం: దీని వెనకున్న కథ

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకి బయల్దేరేవాళ్లు మనలో ఇప్పటికీ ఉన్నారు. పుత్తూరు కట్టయినా, ఆస్పత్రిలో వేసే పిండికట్టయినా చేసేది ఒకటే: విరిగిన రెండు కొసల్నీ కదలకుండా ఎదురెదురుగా పట్టి ఉంచడం. అతుక్కోవడం ఎముక తన పని తను చూసుకుంటుంది. కానీ యాక్సిడెంట్‌లో ఎముక నుజ్జయిపోయో, కణితి తీసేశాకో మధ్యలో కొన్ని సెంటీమీటర్ల ముక్కే లేకుండా పోతే ఏ కట్టూ పనికిరాదు. అప్పుడు తుంటి దగ్గర కొంత ఎముక తీసి ఇక్కడ పెడతారు. మంచి పద్ధతే, కాకపోతే తీసినచోట ఇంకో గాయం, ఇంకో నొప్పి, పైగా అక్కడ దొరికేదీ కొంతే.

కార్బన్ నానోఫైబర్లకి, అంటే వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని నల్లటి కార్బన్ పోగులకి, బయోసెరామిక్ నానోకణాలు, అంటే శరీరం ఒప్పుకునే సెరామిక్ పదార్థపు అతి చిన్న గింజలు, చేర్చి ఎముకని పెంచాలన్న పరిశోధన ఈ ఇబ్బందిలోంచే వచ్చింది. అందులో రెండు పాత కథలు కలిశాయి.

మొదటిది సెరామిక్‌ది. 1892లోనే జర్మనీలో డ్రీస్‌మన్ అనే డాక్టరు ఎముక గుంతల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి చూశాడు. అంటే పిండికట్టు పిండినే లోపల పెట్టాడన్నమాట. అది కొన్ని వారాల్లో కరిగిపోతుంది, ఎముక అంత త్వరగా పెరగదు. 1920లో అమెరికాలో ఆల్బీ, మోరిసన్ కుందేళ్ల మీద కాల్షియం ఫాస్ఫేట్ ప్రయత్నించారు. ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు ఆ జాతి ఖనిజమే కాబట్టి దారి సరైనదే.

అసలు మలుపు 1967లో, ఒక బస్సులో వచ్చింది. ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన లారీ హెంచ్ ఒక సదస్సుకి వెళ్తుంటే పక్కసీట్లో వియత్నాం యుద్ధం నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆర్మీ కల్నల్ కూర్చున్నాడు. మేం పెట్టే లోహాన్నీ ప్లాస్టిక్‌నీ శరీరం ఒప్పుకోవడం లేదు, సైనికుల కాళ్లూ చేతులూ తీసేయాల్సి వస్తోంది, శరీరం ఒప్పుకునే పదార్థం ఏదైనా చేయగలరా అని ఆయన అడిగాడు. 1969లో హెంచ్ బృందం 45 శాతం సిలికా ఉన్న ఒక గాజు తయారుచేసి ఎలుకల తొడ ఎముకల్లో పెట్టింది. ఆరు వారాల తర్వాత సర్జన్ గ్రీన్‌లీ లాగి చూస్తే ముక్క ఊడి రాలేదు, ఎముకతో అంత గట్టిగా అతుక్కుపోయింది. అదే బయోగ్లాస్. దాని లోపమూ గాజు లోపమే, బరువు పడితే పగులుతుంది.

రెండోది కార్బన్ కథ, నన్ను ఎక్కువగా పట్టి కుదిపింది ఇదే. 1970లలో బ్రిటన్‌లో కార్డిఫ్‌లో కార్బన్ ఫైబర్ని మోకాలి లిగమెంట్‌గా, అంటే కీలు దగ్గర ఎముకల్ని కలిపి పట్టే పట్టీగా, వాడి చూశారు. లాగుడుకి అంత గట్టిగా ఆగే దారం కదా, బాగా పనిచేస్తుందనే అనుకున్నారు. కానీ మోకాలు వంగినప్పుడల్లా పోగులు తెగి, ఆ పొడి కీలు లోపలి పొరని నల్లగా మార్చి వాపు తెచ్చింది. దాంతో ఆ పద్ధతిని పక్కన పెట్టేశారు.

మళ్లీ ఆశ పుట్టింది 2002-03లో. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో థామస్ వెబ్‌స్టర్ బృందం సుమారు 60 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటర్లో పది లక్షలో వంతు) మందం ఉన్న కార్బన్ పోగుల మీద ఎముక కణాలు లావు పోగుల మీదకన్నా బాగా అంటుకుంటున్నాయని గమనించింది. ఎముకలో సహజంగా ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులూ నానోమీటర్లలో కొలిచే సైజువే, కణానికి అది అలవాటైన నేలలా ఉంటుంది.

తయారీ చూస్తే ముచ్చటేస్తుంది. స్వెటర్ల అక్రిలిక్ ఊలుకి మూలమైన పాలిమర్నే ఒక ద్రవంలో కరిగించి సిరంజిలో నింపి, వేల వోల్టుల కరెంటు పెడితే సూది మొన నుంచి కంటికి కనిపించనంత సన్నని పోగులు ఎగిరొచ్చి ఎదుటి రేకు మీద తెల్లటి పొరలా పరుచుకుంటాయి. ఆ పొరని గాలిలో 250 డిగ్రీలు దాటేదాకా వేడిచేస్తే గోధుమరంగుకి తిరుగుతుంది, తర్వాత నైట్రోజన్‌లో 1000 డిగ్రీల దగ్గర నల్లటి కార్బన్ అవుతుంది. బయోసెరామిక్‌ని చేర్చేది కూడా ఇక్కడే: కాల్షియం, ఫాస్ఫరస్ ఉన్న రసాయనాలని ముందే ఆ ద్రావణంలో కలిపితే, పోగు కార్బన్‌గా మారే కొలిమిలోనే అవి ట్రైకాల్షియం ఫాస్ఫేట్ (ఒక రకం కాల్షియం ఫాస్ఫేట్) గింజలుగా కట్టుకుంటాయి. పోగు బలమిస్తుంది, గింజ మెల్లగా కరుగుతూ కాల్షియం అందిస్తుంది.

ఇంతా చేసి నా టెన్షన్ కార్బన్ గురించే. సెరామిక్ కరిగి ఆ జాగాలో ఎముక వస్తుంది, మరి కార్బన్ ఎటు పోవాలి? 2008లో ఎడిన్‌బరో పరిశోధకులు పొడవాటి కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) చిట్టెలుకల పొట్ట లోపలి ఖాళీలో, ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చే ఆస్‌బెస్టాస్ నార తరహా వాపు తెస్తున్నాయని చూపించారు. నానోట్యూబూ ఈ నానోఫైబరూ ఒకటి కావు, నిజమే. కానీ కార్డిఫ్ మోకాళ్లు చూశాక, కొన్ని వారాల ఎలుక ఫలితాలతో సరిపెట్టుకోకుండా ఆ నల్లపోగు ఏళ్ల తర్వాత ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో జంతువుల్లో చూపించాకే మనిషి ఎముక దగ్గరికి రావాలి.