పడని మందా, పరుగెత్తిన గుండా?
పోయినేడాది విజయనగరంలో జ్ఞానదంతం పీకించుకోవడానికి వెళ్లాను. చిగుళ్లో మత్తుసూది దించి తీసిన అర నిమిషానికే గుండె దడదడలాడింది, చేతులు వణికాయి, గుండె వేగం చూపించడానికి వేలికి తగిలించిన మెషీన్‌లో 78 ఉన్న అంకె 112కి ఎక్కి రెండు మూడు నిమిషాల్లో మళ్లీ దిగిపోయింది. ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆ మందు నీకు పడదురా, ఇంకెప్పుడూ వేయించుకోకు."

పడకపోవడమంటే ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఆయాసం, మొహం వాచిపోవడం. నాకిచ్చిన లిగ్నోకైన్ అనే మత్తుమందుతో అలా జరగడం చాలా అరుదు. నా దడకి కారణం ఆ మందులో కలిపిన అడ్రినలిన్ (కొంత నా టెన్షన్ కూడా, ఒప్పుకుంటాను). రాత్రిపూట వీధికుక్క వెంటపడితే మన ఒంట్లో ఊరేది కూడా అదే. దాన్ని ఎందుకు కలుపుతారంటే, అది చిగుళ్లో రక్తనాళాల్ని బిగించేస్తుంది, రక్తం తక్కువ కారుతుంది, మత్తు త్వరగా కొట్టుకుపోకుండా నిలుస్తుంది. మందు మీద 1:80,000 అని ఉంటే మిల్లీలీటరుకి 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ అన్నమాట. చిటికెడు కూడా కాదు, కానీ సూది మొన రక్తనాళంలో పడితే ఆ కాస్తా తిన్నగా గుండెకే చేరుతుంది, అందుకే మందు తోసేముందు సిరంజిని కొంచెం వెనక్కి లాగి రక్తం వస్తోందేమో చూస్తారు.

ఈ దడనే మత్తు డాక్టర్లు కాపలాకి పెట్టుకున్నారు, నాకు బాగా నచ్చిన సంగతి ఇదే. ఎపిడ్యూరల్ (గొట్టం ద్వారా నడుములోకి ఎక్కించే మత్తు) కోసం నడుములోకి సన్నటి గొట్టం పెట్టాక, ముందు 15 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉన్న కొద్దిపాటి మందు పంపి మానిటర్ చూస్తారు. నిమిషంలోపు గుండె వేగం 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగితే గొట్టం రక్తనాళంలోకి వెళ్లిందని అనుమానించి అసలు డోసు ఆపేస్తారు.

అదే నడుములోకి సూదితో ఇచ్చే స్పైనల్ మత్తు అయితే కథ తిరగబడుతుంది. కాళ్లలో రక్తనాళాలు వదులై రక్తం అక్కడే నిలిచిపోతుంది, బీపీ పడిపోతుంది. మత్తు ఛాతీ ఎత్తుకి పాకితే గుండెని తొందరపెట్టే నరాలు కూడా మొద్దుబారతాయి, నెమ్మది చేసే వేగస్ నరం మాత్రం మెదడు నుంచి వేరే దారిలో వస్తుంది కాబట్టి దానికేమీ కాదు. యాక్సిలరేటర్ తెగి బ్రేకు మిగిలిన బండి అన్నమాట.

శ్రీకాకుళంలో మా పిన్నికి హెర్నియా ఆపరేషన్‌లో ఇదే జరిగింది. మెలకువగానే ఉంది కాబట్టి మానిటర్ బీప్ మెల్లగా సాగదీసుకోవడం తనే విన్నది, డాక్టరు గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇవ్వగానే మళ్లీ వేగం పుంజుకుంది. ఇప్పుడడిగితే ఆ సంగతే ఎత్తదు, "నోరు పిడచగట్టుకుపోతంటే గుక్కెడు నీళ్లియ్యలేదు, ఏటి మనుషులో" అని తిడుతుంది. ఆ నోరెండడం కూడా అట్రోపిన్ పనే.