ఒక్క డాలరు దొంగ

చిన్నూకి, మిన్నూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్నూ అడిగాడు కదా, "తాతయ్యా, మన కలర్ ప్రింటర్‌లో నోటు తీస్తే ఏమవుతుంది?" అని. మీ అమ్మ వెనకనుంచి కేకేసింది కానీ, నాకు మాత్రం నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నవాణ్ణి, ఆ ప్రశ్న నన్ను కాక ఇంకెవర్ని అడుగుతావు! జవాబు ఫోన్‌లో చెప్తే సరిపోదు, అందుకే ఈ ఉత్తరం.

1950లో అమెరికాలో 'మిస్టర్ 880' అని నలుపు తెలుపు సినిమా ఒకటి వచ్చింది. అందులో దొంగనోట్లు వేసే స్కిప్పర్ బోసినవ్వుల ముసలాయన. పాత సామాన్లు అమ్ముకుంటాడు. అచ్చు యంత్రానికి 'కజిన్ హెన్రీ' అని పేరు పెట్టుకున్నాడు. పెదనాన్న కొడుకో మేనబావో మరి, ఆయనకే తెలియాలి. చేతిలో డబ్బు అయిపోతే హెన్రీ సాయం అడుగుతాడు, అంతే. ఎడ్మండ్ గ్వెన్ ఆ వేషం ఎంత ముద్దుగా వేశాడంటే, పట్టుకోవడానికి తిరిగే బర్ట్ లాంకాస్టర్ మీదే మనకి కోపం వస్తుంది. అంతకు మూడేళ్ల ముందు వచ్చిన మరో సినిమాలో క్రిస్మస్ తాతగా వేసి ఆస్కార్ తెచ్చుకున్నది కూడా ఈయనే. క్రిస్మస్ తాతని జైల్లో పెట్టమని ఎవరంటారు?

అసలు తమాషా ఏమిటంటే ఇది నిజంగా జరిగిన కథ. నిజం స్కిప్పర్ పేరు ఎమెరిక్ యూట్నర్. ఆస్ట్రియాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చాడు. భార్య పోయింది, ఒంటరివాడయ్యాడు, తోడు ఒక కుక్క. తోపుడుబండి మీద పాత సామాన్లు ఏరుకుంటే వచ్చేది చాలలేదు. 1938లో, అరవై దాటాక, న్యూయార్క్‌లోని తన గదిలో జింకు పలకలు చేసుకుని, చిన్న చేతియంత్రం మీద ఒక్క డాలరు నోట్లు వేయడం మొదలుపెట్టాడు. కాగితం మామూలు కొట్లో దొరికేదే. అచ్చు అలుక్కుపోయి ఉండేది. నోటు మీద అధ్యక్షుడు వాషింగ్టన్ పేరులో 'ఎస్' తర్వాత రావలసిన 'హెచ్' ముందుకొచ్చి 'వాహ్‌సింగ్టన్' అయి కూర్చుంది! మా కౌంటర్లో కొత్తగా చేరిన కుర్రాడైనా రెండో చూపులో పట్టేసేవాడు.

మరి పదేళ్లు ఎలా దొరకలేదు? ఆశ లేకపోబట్టి. దొంగనోట్లు వేసేవాడెవడైనా పదులూ ఇరవైలూ వేస్తాడు, ఒక్కసారే కట్టలు మారుస్తాడు, మనుషుల్ని పెట్టుకుంటాడు, ఆ మనుషుల్లో ఒకడు నోరు జారతాడు. ఈయన కుక్కకీ తనకీ తిండికి కావలసినన్నే వేసుకునేవాడు. ఒక కొట్లో ఇచ్చినవాడు మళ్లీ ఆ కొట్టుకి వెళ్లేవాడు కాదు. ఒక్క డాలరు నోటుని ఎవరు వెలుతురుకి పట్టి చూస్తారు? మీరు నల్లకళ్లద్దాలు పెట్టుకుని అధ్యక్షుడి పక్కన నడిచేవాళ్లని చూస్తారే, సీక్రెట్ సర్వీస్, వాళ్ల సంస్థని 1865లో పెట్టిందే దొంగనోట్లు పట్టడానికి. వాళ్లు ఈయన ఫైలుకి ఇచ్చిన నంబరే 880.

చివరికి పట్టించింది మీలాంటి పిల్లలే. గదిలో నిప్పంటుకుంటే, ఆర్పడానికి వచ్చినవాళ్లు చెత్తంతా సందులోకి విసిరేశారు. దాని మీద మంచు పడింది. ఆడుకునే కుర్రాళ్లకి మంచులో పలకలూ నోట్లూ దొరికాయి. 1948లో ఆయన్ని పట్టుకుంటే, ఏమీ దాచకుండా ఒప్పేసుకున్నాడట. ఒక సంవత్సరం ఒక రోజు జైలు, ఒక డాలరు జరిమానా. ఆ డాలరు అసలుదేనా అని కోర్టువారు చూసుకునే ఉంటారు! నాలుగు నెలలకే వదిలేశారు. పదేళ్లు అచ్చువేసిన దానికన్నా ఈ సినిమా వల్ల వచ్చినదే ఎక్కువని చెప్పుకుంటారు.

ఒక మనిషికి ఒక్క నోటే ఇచ్చాను, ఎవరికీ డాలరు మించి నష్టం రాలేదు అన్నది ఆయన వాదన. సినిమా చూస్తూ నేనూ తలూపాను. కానీ ఆ రోజుల్లో న్యూయార్క్‌లో సబ్‌వే, అంటే నేలకింద రైలు, టికెట్టు 5 సెంట్లు. అంటే డాలరుకి 20 సార్లు ఎక్కొచ్చు. చిన్న కొట్టువాడికి అది చిల్లర కాదు.

ఒకరోజు మా కౌంటర్‌కి కూరలమ్మే ఆవిడ వచ్చింది. తడి నోట్లు, కొత్తిమీర వాసన. లెక్కపెడుతుంటే ఒక వంద దగ్గర నా వేలు ఆగింది, కాగితం మెత్తగా ఉంది. వెలుతురుకి పడితే లోపల బొమ్మ లేదు. రూలు ప్రకారం ముద్ర కొట్టి, నోటు ఉంచేసుకుని, రసీదు ఇచ్చాను. బదులు నోటు ఇవ్వకూడదు. "దీన్నిస్తే వంకాయలు ఇస్తారా బాబూ?" అంది. రసీదు మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. సినిమాలో ఈవిడ లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కలిసి చూద్దాం, గంటన్నరే. స్కిప్పర్ని చూసి మిన్నూ తప్పకుండా ఏడుస్తుంది. చిన్నూ, ఈలోగా నువ్వు ఆ ప్రింటర్ జోలికి వెళ్లకు, ఇంకు ఖరీదు మీ నాన్నని అడుగు.

మీ తాతయ్య