తాబేలు కంటిలో నూనె బొట్టు

చలికాలం వెళ్లిపోయే రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఆంధ్ర తీరానికి వచ్చి, ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఆ గూళ్లను వెతుక్కుంటూ తిరిగే వాలంటీర్లు టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టుకుంటారు. ఎందుకని అడిగితే “ఎరుపు వాటికి సరిగా కనిపించదు” అంటారు. సముద్ర తాబేలు విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. కానీ అదే టార్చిని అక్వేరియం దుకాణాల్లో అమ్మే బుల్లి తాబేలు ముందు పెట్టి చూడండి. కంటి వెనక ఎర్ర చార ఉండే ఆ అమెరికా మంచినీటి జాతికి ఎరుపు మనకంటే బాగా కనిపిస్తుంది. రెండూ తాబేళ్లే. మరి చూపు ఎందుకు వేరైంది?

కంటి లోపల రెటీనా మీద శంకు ఆకారపు కణాలుంటాయి. రంగుల వ్యవహారమంతా వాటిదే. అయితే ఒక్కొక్క శంకు కణాన్ని విడిగా తీసుకుంటే దానికి రంగు తెలియదు. తన మీద ఎంత కాంతి పడిందో అంతవరకే అది చెప్పగలదు. వేర్వేరు రకాల కణాలు చెప్పిన లెక్కలను పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడే రంగు పుడుతుంది. మనిషికి మూడు రకాల శంకు కణాలున్నాయి. అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర కాంతిని బాగా పట్టుకుంటాయి. (ఈ అంకె పెరిగే కొద్దీ కాంతి నీలం నుంచి ఎరుపు వైపు జరుగుతుంది.)

తాబేలు కన్ను శాస్త్రవేత్తలకు చిరకాల మిత్రుడు. దాని శంకు కణంలోకి సన్నని గాజు ఎలక్ట్రోడు దూర్చి, వెలుగు పడినప్పుడు ఏమవుతుందో కొలవవచ్చు. 1970లో బేలర్, ఫ్యుయోర్టెస్ అనే శాస్త్రవేత్తలు అలాగే కొలిచారు. అప్పటికి కొన్నేళ్ల ముందే చేప కంటిలో కనబడిన వింత ఇక్కడా కనబడింది. ఈ కణాలు చీకట్లో మాట్లాడుతూ ఉంటాయి, వెలుగు పడితే గొంతు తగ్గిస్తాయి. మన కళ్లలోనూ ఇదే తంతు. వెలుతురు వచ్చిందన్న సంగతి మెదడుకు మౌనం ద్వారా అందుతుందన్నమాట.

మరుసటి ఏడాది లీబ్‌మన్, గ్రాండా అనే ఇద్దరు రెండు జాతుల తాబేళ్లను తీసుకుని, వాటి శంకు కణాల్లో కాంతిని పట్టే రంగు పదార్థాలు, అంటే వర్ణకాలు, ఏ కాంతిని బాగా పీల్చుకుంటాయో కొలిచారు. ఒకటి ఆ అక్వేరియం జాతి, రెండోది సముద్రంలో బతికే గ్రీన్ టర్టిల్. మంచినీటి తాబేలుకు వచ్చిన అంకెలు 450, 518, 620. సముద్ర తాబేలుకు 440, 502, 562. ప్రతి అంకే మంచినీటి తాబేలులో ఎరుపు వైపు జరిగి ఉంది. 620 అంటే మన కంటిలోని ఏ కణానికీ లేనంత దూరం. టార్చికి చుట్టిన కాగితం అక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే.

ఈ తేడాకు మూలం నీటిలో ఉంది. సముద్రపు నీరు ఎరుపును తొందరగా మింగేస్తుంది. కొన్ని మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమై నీలం మిగులుతుంది. చెరువులు, కాలువల కథ వేరు. కుళ్లిన ఆకుల రసం, బురద కలిసిన నీరు ముందుగా నీలాన్నే మింగుతుంది. అక్కడ మిగిలేది పసుపు, ఎరుపు వైపు వెలుగు. వరద రోజుల్లో గోదావరిని చూసినవారికి ఆ ఎర్రమట్టి రంగు గుర్తుండే ఉంటుంది.

కన్ను ఆ మిగిలిన వెలుగును ఎలా అందుకుంటుంది? విటమిన్ ఏ రూపాన్ని కొద్దిగా మార్చి. కంటి వర్ణకంలో కాంతిని పట్టే అణువు విటమిన్ ఏ నుంచే తయారవుతుంది. అది తగ్గితే రేచీకటి వస్తుందని మనకు తెలుసు. సముద్ర తాబేలు మనలాగే ఏ1 రూపాన్ని వాడుతుంది. మంచినీటి తాబేలు ఏ2 రూపాన్ని వాడుతుంది. రెండింటికీ తేడా ఒక్క ద్విబంధం, అంటే అణువులో రెండు పరమాణువులను కలిపే జంట ముడి. ఆ ఒక్కటి అదనంగా చేరితే వర్ణకం ఎరుపు వైపు ఒరుగుతుంది. మంచినీటి చేపల కళ్లలో ఈ ఏ2ను 1930లలో గుర్తించిన జార్జ్ వాల్డ్‌కు, కంటి రసాయనం మీద చేసిన కృషికి గాను 1967లో నోబెల్ బహుమతి దక్కింది. సాల్మన్ చేప ఇంకా గడుసుది. సముద్రం నుంచి నదిలోకి ఎదురీదే కాలంలో ఏ1 వదిలి ఏ2కు మారుతుంది. ఊరు మారినప్పుడు కళ్లజోడు మార్చుకున్నట్టు.

తాబేలు కంటిలో మనకు లేని సరంజామా మరొకటి ఉంది. చాలా శంకు కణాల్లో, కాంతి లోపలికి వచ్చే దారిలో, ఒక నూనె బొట్టు అడ్డంగా కూర్చుని ఉంటుంది. మంచినీటి తాబేలులో ఈ బొట్లు ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లోనూ, రంగు లేకుండానూ ఉంటాయి. సూక్ష్మదర్శినిలో ఆ రెటీనా పూసలు చల్లిన గుడ్డలా ఉంటుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత కదా, మరి కంట్లో ఇన్ని రంగు అద్దాలున్న తాబేలుకు లోకం ఎలా కనిపించాలి? కామెర్లవాడి కన్నంతటికీ ఒకే రంగు పులిమినట్టు ఊహించుకుంటాం. ఇక్కడ ఒక్కో కణానికి ఒక్కో రంగు అద్దం. ఎర్ర బొట్టు ఎరుపు తప్ప తక్కిన కాంతిని ఆపేస్తుంది కాబట్టి ఆ కణం చెప్పే మాటకు గురి పెరుగుతుంది. పక్క కణంతో పోల్చినప్పుడు దగ్గర దగ్గర రంగుల మధ్య తేడా మరింత స్పష్టమవుతుంది. (సామెతలోని పచ్చ పసుపుపచ్చ. చెట్టుకూ అదే మాట వాడతాం, ఆకుపచ్చ అని. కన్ను తేలిగ్గా విడదీసే రంగులను నాలుక కలిపేయడం వింతేమీ కాదు.)

దీనికితోడు ఈ తాబేలుకు నాలుగో రకం శంకు కణమూ ఉంది. అది అతినీలలోహితాన్ని చూస్తుంది. అంటే మన మూడుకు దానికి నాలుగు. పక్షులదీ ఇదే పద్ధతి: నాలుగు రకాల కణాలు, రంగు నూనె బొట్లు. ఎర్ర బొట్టుకు కావలసిన రంగు తయారీలో పాలుపంచుకునే జన్యువు తాబేళ్లలోనూ పక్షుల్లోనూ ఒకటేనని 2016లో తేలింది. అంటే ఆ జన్యువు వాటి ఉమ్మడి పూర్వీకుల నాటిది. డైనోసార్లూ ఆ వంశవృక్షంలోనివే కాబట్టి, వాటి కళ్లలోనూ ఈ ఎర్ర బొట్టు ఉండి ఉండవచ్చని ఆ శాస్త్రవేత్తలు భావించారు.

మరి మనకెందుకు లేవు? డైనోసార్ల కాలంలో మన పూర్వీకులు చాలావరకు రాత్రి తిరిగే చిన్న జంతువులు. చీకట్లో రంగు కన్నా వెలుగు చుక్క ముఖ్యం. అలా క్షీరదాలు నాలుగింటిలో రెండు రకాల శంకు కణాలను పోగొట్టుకున్నాయి. కుక్కకు ఇప్పటికీ రెండే. దానికి నీలం, పసుపు తెలుస్తాయి. పచ్చగడ్డిలో పడిన ఎర్ర బంతి రంగును బట్టి దొరకదు, వాసన చూసి వెతుక్కోవాల్సిందే. ఎర్రగుడ్డ చూస్తే ఎద్దు రెచ్చిపోతుందనేది అపోహ. దాన్ని రెచ్చగొట్టేది గుడ్డ కదలిక. కోతుల వంశంలో ఒక జన్యువు రెండుగా చీలి మూడో రకం కణం తిరిగొచ్చింది కాబట్టి మనకు పండిన మిరపకాయ, పచ్చి మిరపకాయ వేర్వేరుగా కనిపిస్తున్నాయి.

నివసించే చోటును బట్టే కన్ను మలచబడుతుందని ఇంతవరకు చెప్పిన లెక్కకు తిమింగలం అడ్డొస్తుంది. నీలి సముద్రంలో బతికే తిమింగలాలు, సీళ్లు సరిగ్గా ఆ నీలాన్ని చూసే శంకు కణాలనే కోల్పోయాయి. వాటికి సముద్రం నీలంగా లేదు. పరిణామం దర్జీలాగా కొలతలు తీసుకుని కుట్టదు. ఉన్న గుడ్డలో చినిగినంత చినిగి, మిగిలినదానితో బతుకు గడుస్తుంది.

ఒక జంతువుకు రంగు తెలుస్తుందో లేదో దాన్నే అడగాలి, అడిగే పద్ధతి తెలిసి ఉండాలి. గత శతాబ్దం మొదట్లో చేపలకూ తేనెటీగలకూ రంగులు తెలియవని కార్ల్ ఫాన్ హెస్ అనే జర్మన్ నేత్రవైద్యుడు వాదించాడు. జంతువుల ప్రవర్తనను పరిశీలించే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రవేత్త ఒప్పుకోలేదు. నీలం అట్ట మీద తీపి నీళ్లు పెట్టి తేనెటీగలకు అలవాటు చేశాడు. తర్వాత ఆ అట్టను రకరకాల బూడిద రంగు అట్టల మధ్య, తీపి లేకుండా పెట్టాడు. రంగు తెలియని కంటికి వాటిలో ఏదో ఒక బూడిద అట్ట నీలంలాగే కనిపించి తీరాలి. తేనెటీగలు మాత్రం తడబడకుండా నీలం మీదే వాలాయి. ఎరుపు అట్టతో చేస్తే దాన్ని ముదురు బూడిదతో కలిపేశాయి. తాబేళ్లకూ ఇలాంటి పరీక్షలు పెట్టారు. మేత ఆశ చూపి శిక్షణ ఇస్తే సముద్ర తాబేలు పిల్లలు రంగు దీపాలను గుర్తుపట్టాయి.

వెన్నెల కూడా సరిగా లేని చీకట్లో, మనకు అన్నీ బూడిదగా కనిపించే వేళ, ఒక జాతి బల్లి రంగులను విడదీయగలదు. నక్షత్రాల వెలుగులో రంగును బట్టి పువ్వును ఎంచుకునే చిమట ఉంది. రంగు చూపులో రారాజని పేరుపడ్డ మాంటిస్ రొయ్యకు 12 రకాల రంగు గ్రాహకాలున్నా, 2014లో పరీక్షించి చూస్తే దగ్గరి రంగులను గుర్తించడంలో అది మనకంటే వెనకబడింది.

మళ్లీ తీరానికి వద్దాం. తాబేలు పిల్లలు రాత్రి ఇసుక నేల చల్లబడ్డాక బయటికొస్తాయి. వాటికి దారి చూపేది వెలుగే. దీపాలు లేని తీరంలో సముద్రం వైపు ఆకాశపు అంచు కాస్త తెల్లగా ఉంటుంది, సరుగుడు తోటల వైపు నల్లగా, ఎత్తుగా ఉంటుంది. పిల్లలు ఎత్తయిన నలుపుకు వీపు చూపి, నేలబారున ఉన్న వెలుగు వైపు నడుస్తాయి. లక్షల ఏళ్లు ఈ లెక్క తప్పలేదు. విద్యుద్దీపం వచ్చాక తోట వైపే వెలుగు ఎక్కువైంది, పిల్లలు రోడ్డు వైపు తిరుగుతున్నాయి.

అందులోనూ నీలం, ఆకుపచ్చ వెలుగులు వాటిని ఎక్కువగా లాగుతాయి. ఇక్కడే ఎల్‌ఈడీ చిక్కు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విధ్వంసం తర్వాత విశాఖ వీధి దీపాలు ఎల్‌ఈడీలకు మారాయి. కరెంటు ఆదా అయ్యే మంచి మార్పు అది. కానీ తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి 450 నానోమీటర్ల దగ్గరి నీలి దీపం. పైన పూసిన పొడి అందులో కొంత నీలాన్ని పసుపుగా మారిస్తే, రెండూ కలిసి మన కంటికి తెలుపవుతాయి. సముద్ర తాబేలు కంటిలో కొలిచిన 440కి ఆ నీలం ఎంత దగ్గరో చూడండి. అమెరికాలోని ఫ్లోరిడాలో అందుకే తీరపు దీపాలకు 560 నానోమీటర్లు దాటిన కాషాయం, ఎరుపు వెలుగులు వాడమంటారు. లాగర్‌హెడ్ అనే జాతి పిల్లలైతే పసుపు వెలుగుకు దూరంగా మళ్లుతాయి కూడా.

రంగు ఒక్కటే సరిపోదు, బల్బుకు డొప్ప కూడా ఉండాలి. ఇసుక మీద నిలబడి బల్బు కనబడటం లేదని తృప్తి పడితే లాభం లేదు. బోర్లా పడుకుని, గడ్డం ఇసుకకు ఆనించి చూడాలి. తాబేలు పిల్ల కన్ను నేలకు బొటనవేలంత ఎత్తులో కూడా ఉండదు.