పాలిప్ తీసేశాక మళ్ళీ కొలనోస్కోపీ ఎవరికి?

అమెరికాలో ఉన్న అన్నకి పెద్దపేగులో చిన్న పాలిప్ (పేగు లోపలి పొర మీద మొలిచే బుడిపె) ఒకటి తీసి ఏడు నుంచి పదేళ్ళ మధ్య మళ్ళీ రమ్మన్నారట. ఇంగ్లండ్‌లో ఉన్న తమ్ముడికి అలాంటిదే తీసి, ఇక కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అక్కర్లేదు, రెండేళ్ళకోసారి మలంలో కంటికి కనపడని రక్తం చూసే పరీక్ష చేయించుకోండి చాలన్నారట. ఎవరి డాక్టరు కరెక్టని ఒక పాఠకురాలి ప్రశ్న.

ఇద్దరూ కరెక్టే! 2020లో రెండు దేశాల్లోనూ నియమాలు మారాయి, చిన్న పాలిప్ ఒకటీ అరా ఉన్నవాళ్ళని మాటిమాటికీ పిలవొద్దనే వైపుకే.

నాకు భలే నచ్చే సంగతి ఏంటంటే, తీసేసిన పాలిప్ ఎలాగూ క్యాన్సర్‌గా మారదు కదా, మరి దాని సైజుతో పనేంటి? కలుపు తీసే రైతుని అడగండి. మొక్క ఎత్తు చూసి అది ఎన్నాళ్ళుగా ఉందో చెప్తాడు, ఎన్ని మొలిచాయో చూసి నేల గుణం చెప్తాడు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకే కొత్తదైపోతుంది, ఆ పొరలోని సన్నటి గుంటల అడుగున ఉండే మూలకణాల్లో చాలాసార్లు ముందు ఏపీసీ అనే జన్యువు చెడి చిన్న అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్) మొలుస్తుంది, తర్వాత కేరాస్ అనే జన్యువు చెడితే పెరుగుతుంది, టీపీ53 అనే జన్యువు కూడా పోతే క్యాన్సర్ వైపు తిరుగుతుంది, ఇదంతా జరగడానికి మామూలుగా పదేళ్ళ పైనే పడుతుంది. 10 మిల్లీమీటర్ల పాలిప్ దొరికిందంటే ఆ నేలలో అంత దూరం పెరగడం సాధ్యమేనని అర్థం, అలాంటిది ఇంకోటి ఏ మడతలోనో దాక్కుని ఉండొచ్చు కూడా. ముక్కలుముక్కలుగా పీకిన కలుపుకి వేరు మిగిలిపోయే భయం ఉంటుంది, అందుకే 20 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నదాన్ని ముక్కలుగా తీస్తే అమెరికాలో ఆరు నెలలకే ఆ చోటు మళ్ళీ చూస్తారు.

బ్రిటన్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. క్యాన్సర్‌గా మారగల పాలిప్‌లు ఐదు, అంతకన్నా ఎక్కువ ఉంటే, లేదా కనీసం రెండు ఉండి అందులో ఒకటి 10 మిల్లీమీటర్లో ఆ పైనో ఉన్నా, దాని కణాలు బాగా చెడినా, మూడేళ్ళ తర్వాత ఒక్కసారి చూస్తారు. 75 దాటినవాళ్ళని సాధారణంగా పిలవరు.

ఏటా చేయించుకుంటే ఇంకా మంచిదే కదా అంటారు చాలామంది. కాదండీ, అరుదే అయినా పేగుకి చిల్లు పడొచ్చు, పెద్దవాళ్ళలో ఆ ముప్పు ఇంకాస్త ఎక్కువ. దానికన్నా పరీక్షకి ముందు పేగు శుభ్రం కావడానికి తాగే మందు పూర్తిగా తాగడం మేలు, పేగు శుభ్రంగా లేకపోతే పాలిప్‌లు కనపడవు, ఈ లెక్కలేవీ పనికిరావు.

లించ్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య ముప్పు ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి సాధారణంగా ఏడాది, రెండేళ్ళకోసారి చూస్తారు. మలంలో రక్తం పడుతుంటే మాత్రం ఎవరైనా సరే, ఇచ్చిన గడువు కోసం ఆగకుండా డాక్టర్ని కలవాలి.