తుపాను పేరు వెనక పొరుగు దేశాలు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రోజంతా కూకట్‌పల్లిలో ఇంట్లో కూర్చుని ఊళ్లో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. "నాకేం కాదమ్మా, కోసిన వరి ఇంకా పనల మీదే ఉంది. అదే నా టెన్షన్" అంది.

మిచాంగ్ అన్న పేరు మయన్మార్ ఇచ్చింది. 2014లో విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్‌కు ఒమన్, 2018లో శ్రీకాకుళాన్ని కుదిపేసిన తిత్లీకి పాకిస్తాన్ పేరు పెట్టాయి. ఒకరి ముఖం ఒకరు చూసుకోని దేశాలు కూడా తుపాను దగ్గర ఒకే జాబితాలో ఎలా చేరాయి?

మొదలు 1970 నవంబరు. భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో కనీసం 3 లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. ఆ తర్వాతే, 1972లో, ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా కమిషన్ కలిసి బంగాళాఖాతం, అరేబియా సముద్రాల చుట్టూ ఉన్న దేశాలతో తుపానుల ప్యానెల్ పెట్టాయి. అయినా ఐదేళ్లకే దివిసీమ ఉప్పెన వేలమందిని మింగేసింది. కబురు గుడిసె దాకా చేరాలి, చేరాక తలదాచుకోవడానికి గట్టి కట్టడం ఉండాలి. అవి రావడానికి దశాబ్దాలు పట్టింది. 2004 నుంచి ఎనిమిది దేశాలు పేర్లు ఇస్తూ వచ్చాయి. 2020 జాబితా నాటికి అవి పదమూడయ్యాయి. ఇప్పుడు ఢిల్లీ వాతావరణ కేంద్రం హెచ్చరిక వాటన్నిటికీ వెళ్తుంది. 2020లో ఆంఫన్ వచ్చినప్పుడు బంగ్లాదేశ్ 20 లక్షలకు పైగా జనాన్ని ముందే తరలించింది. అక్కడ మరణాలు పదుల్లోనే ఆగాయి. భోలా లెక్క పక్కన ఈ లెక్క పెట్టి చూస్తే నాకు కళ్లు చెమర్చుతాయి.

మా ఇంటికి దగ్గర్లోనే, ప్రగతినగర్‌లో కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. 2004 సునామీ తర్వాత 2007లో అక్కడ సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. 2011 నుంచి ఆస్ట్రేలియా, ఇండోనేసియా కేంద్రాలతో కలిసి హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ సమాచారం పంపుతోంది. సముద్రం లేని హైదరాబాద్ నుంచి!

దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ కథ వేరు. 2008లో ఢాకాలో వాతావరణ మార్పుపై కార్యాచరణ ప్రణాళిక రాశారు. 2010లో థింఫూ శిఖరాగ్ర సభ ఐదేళ్లలో కోటి మొక్కలు నాటుదామంది, రుతుపవనాల తీరు ఎలా మారుతోందో కలిసి అధ్యయనం చేద్దామంది. 2014 కాఠ్‌మాండూ సభ తర్వాత నాయకులు మళ్లీ ఒకచోట కూర్చోలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సిన సభ రద్దయింది. వాతావరణ శాఖల వాళ్లు రోజూ మాట్లాడుకుంటున్నారు. విత్తనం, నీరు, నష్టపోయిన రైతుకు డబ్బు మాత్రం నాయకులు కూర్చుంటేనే తేలే విషయాలు.

మిచాంగ్ వస్తోందని అమ్మకు ముందే తెలుసు. కానీ పోగేయడానికి కూలీలు దొరకలేదు. వారం తిరిగేసరికి పనల మీద వడ్లు మొలకలెత్తాయి.